మౌనానికి బందోబస్తు

మన రాష్ట్రంలో మత స్వేచ్ఛకు ఇకమీదట ఇరవై నాలుగు గంటలూ కాపలా ఉంటుందని మంత్రి గారు మైదానంలో ప్రకటించారు. రాజ్యాంగం రాసిన పెద్దలు మంచివాళ్ళేనట. కాని మత స్వేచ్ఛను ఒక పేరాలో రాసి వదిలేశారట. అది ఇన్నేళ్ళుగా గేటూ తాళమూ లేకుండా ఆరుబయట పడి ఉందట. తలుచుకుంటే తనకు నిద్ర పట్టడం లేదన్నారు. తనకంటే ముందు మాట్లాడిన ముగ్గురి ఉపన్యాసాల్లోనూ ఆయన వేదిక మీదే హాయిగా నిద్రపోయారు. అయినా ఆ మాట ఆయన నోట వింటే మనకే జాలేసింది.

నేను వినడానికి వెళ్ళలేదు. బోర్డులు రాయడం నా వృత్తి. వేదిక వెనక కట్టిన బట్ట మీద 'మత స్వేచ్ఛా పరిరక్షణ శాఖ' అని రాసింది నేనే. గాలికి ఊడితే కట్టడానికి ఉండమన్నారు. ఊడింది. 'స్వేచ్ఛా' అన్న ముక్క వచ్చి మంత్రి గారి ముఖం మీద పడింది. ఆయన మాట ఆపకుండా దాన్ని మోచేత్తో వెనక్కి తోసేశారు. జనం చప్పట్లు కొట్టారు. అంత నిబ్బరం ఉన్న నాయకుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నా భార్య పోయింది. అప్పటి నుంచి నాకూ దేవుడికీ మాటల్లేవు. అంతకు ముందు కూడా పెద్దగా రాకపోకలు లేవు. ఇప్పుడు ఇంట్లో నేనూ మా అత్తగారూ ఉంటాం. కూతురు లేని ఇంట్లో అల్లుడి దగ్గర ఆవిడ ఎందుకుందంటే, ఆవిడ వెళ్తాననలేదు, నేను పొమ్మనలేదు. మా ఇద్దరి మధ్యా ఉన్న ఆప్యాయత అంతే.

మా అత్తగారిది చాలా చిన్న మతం. మొత్తం మతాన్ని ఒక వ్యానులో ఎక్కించవచ్చు. బొమ్మ లేదు, గ్రంథం లేదు, పాట లేదు, పెద్ద లేడు. వెల్డింగ్ షాపు మీద ఒక గది అద్దెకు తీసుకున్నారు. వారానికోసారి అందులో గోడ వారగా చాపల మీద గంటసేపు కూర్చుంటారు. ఏమీ అనరు. గంటయ్యాక లేచి, చెప్పులేసుకుని, ఎవరి దారిన వాళ్ళు పోతారు. అదే మతం. వీధిలో వాళ్ళని మూగోళ్ళంటారు. దానికి వాళ్ళేమీ అనుకోరు. అనుకున్నా అనరు.

వాళ్ళలో ఎవరైనా పోతే, ఏడాది తిరిగిన రోజున అందరూ చేరి ఒక గంట కూర్చుంటారు. ఆ గంటలో పోయిన మనిషి పేరు పైకి అనకూడదు. లోపల అనుకోవాలి. నా భార్యదీ ఆ మతమే. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

చిక్కల్లా లౌడ్‌స్పీకరుతో వచ్చింది. వెల్డింగ్ షాపుకు ఎదురుగా మంత్రి గారి పార్టీ ఆఫీసుంది. ఇదివరకు ఎన్నికలప్పుడే మోగించేవారు. ఈ మత స్వేచ్ఛా పరిరక్షణ చట్టం వచ్చాక దాని గొప్పతనం గురించి మంత్రి గారు చేసిన ఉపన్యాసాన్ని పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా వేస్తున్నారు. వెల్డరే నయం. మూగోళ్ళు కూర్చునే గంటలో మిషను ఆపేస్తాడు. అతనికి ఏ మతమూ పట్టదు గాని మౌనమంటే గౌరవం. వాళ్ళింట్లో అది దొరకదు.

ఆ లౌడ్‌స్పీకర్లోనే అత్తగారు చట్టం సంగతి విన్నది. విన్నది విన్నట్టు నమ్మింది.

"అల్లుడూ, అమ్మాయి ఏడాది రోజున ఆ ఒక్క గంటా ఈ మైకు ఆపితే చాలు. ఇంకేం అడగొద్దు," అంది.

చట్టం ఎవరి కోసం చేశామంటారో వాళ్ళు తప్ప అందరూ దాన్ని వాడుకుంటారని చెప్పాను. వినలేదు. నా దస్తూరీ బాగుంటుందని అర్జీ నా చేతనే రాయించింది. ఒకటే వాక్యం. చదివి, సంతకం పెట్టి, నన్ను వెంటబెట్టుకుని శాఖకు బయలుదేరింది.

శాఖకు కొత్త భవనం ఇచ్చారు. రంగు వాసన ఇంకా పోలేదు. పరిరక్షణాధికారి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. అత్తగారికి కుర్చీ వేయించాడు. ప్రభుత్వ ఆఫీసులో కుర్చీ దొరికిన మనిషి మా రెండు కుటుంబాల్లోనూ ఆవిడే మొదలు. కారణం తర్వాత తెలిసింది. శాఖ తెరిచిన దగ్గర్నుంచి రక్షించమని అడిగినవాళ్ళు లేరు. పెద్ద మతాల వాళ్ళకి సొంత ఏర్పాట్లున్నాయి. పైగా వాళ్ళలో ఒకరొస్తే రెండోవారు ఊరుకోరు. ఎవరితోనూ తగాదా లేని, నెమ్మదైన, చిన్న మతం ఒకటి దొరికితే చూడమని మంత్రి గారు రోజూ అడుగుతున్నారట. మమ్మల్ని చూసి అధికారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రంగు వాసన వల్ల కూడా కావచ్చు.

అర్జీ చదివాడు.

"మీ ప్రార్థనకు ఆటంకం కలుగుతోంది. చాలా సంతోషం. ఇంతకీ మీ ప్రార్థన ఏమిటమ్మా?"

"కూర్చుంటాం బాబూ."

"కూర్చుని?"

"కూర్చునే ఉంటాం."

"కూర్చున్నాక ఏదో ఒకటి చేస్తారు కదా. పాడతారా, చదువుతారా, చేతులు జోడిస్తారా?"

"జోడించాలనుకున్న వాళ్ళు జోడించుకోవచ్చు. ఎవరూ వద్దనరు."

అధికారి కలం కింద పెట్టాడు. చట్టం మతంలోని ముఖ్యమైన అంశాన్ని మాత్రమే కాపాడుతుందనీ, ఆ అంశమేదో ముందు తేలాలనీ ఓపికగా చెప్పాడు. కూర్చోవడం అందరూ చేస్తారు. మాట్లాడకుండా ఉండటం తన గుమాస్తాలు కూడా చేస్తారు, ముఖ్యంగా ఏదైనా అడిగినప్పుడు. ఇందులో ప్రార్థన ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రుజువు కావాలి. తానే స్వయంగా వచ్చి చూస్తానన్నాడు.

మరి లౌడ్‌స్పీకరు సంగతేమిటని నేనడిగాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. ఆ లౌడ్‌స్పీకరు ఈ చట్టం గురించే చెబుతోంది. చట్టం అమలు చేయడానికి చట్టాన్ని నోరు మూసుకోమంటే ఎలా అన్నాడు. చదువుకున్నవాళ్ళతో ఇదే ఇబ్బంది.

చెప్పిన మాట ప్రకారం అధికారి వచ్చాడు. ఇద్దరు గుమాస్తాలను తెచ్చుకున్నాడు. బూట్లు విప్పి అందరితో పాటు చాప మీద కూర్చున్నాడు. నేను మెట్ల మీద ఉండిపోయాను. ఆ గదిలోకి వెళ్ళే అలవాటు నాకు లేదు, ఆమె ఉన్నప్పుడూ లేదు. ఎదురుగా మంత్రి గారి గొంతు మోగుతోంది. అధికారి కాసేపు అందర్నీ పరిశీలనగా చూశాడు. తర్వాత గోడను పరిశీలించాడు. ఆ తర్వాత తల వాల్చాడు. గుమాస్తాలు ఆజ్ఞ ప్రకారం గదిలో జరిగినదంతా ఫోనులో రికార్డు చేశారు.

మర్నాడు అత్తగారిని పిలిపించాడు. ఈసారి కుర్చీ వేసి టీ కూడా ఇచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. మీ మతంలో ముఖ్యమైన అంశం దొరికిందన్నాడు. ఫోను బల్ల మీద పెట్టి వినిపించాడు. మంత్రి గారి ఉపన్యాసం వెనక నుంచి ఏదో బరువైన శబ్దం పైకి లేస్తూ, దిగుతూ, మధ్యలో కాస్త ఆగి మళ్ళీ లేస్తూ వినపడింది.

"ఇది మీ ప్రార్థనే కదమ్మా? లయ ఉంది. భక్తి కూడా ఉంది."

అత్తగారు చెవి దగ్గర పెట్టుకుని వింది.

"ఇది మీ గురక బాబూ."

గుమాస్తాలు కిటికీ వైపు తిరిగారు. అధికారి టీ కప్పు వెనక్కి తీసుకున్నాడు. నివేదికలో మాత్రం ఆ శబ్దాన్ని వదల్లేదు. గదిలో ఒక విధమైన ధ్వని వినిపించినది, అది మతపరమైనదా కాదా అన్నది నిర్ధారించవలసి ఉన్నది అని రాసి పైకి పంపాడు. నిజాయితీ గల అధికారి. తనకు తెలిసినది దాచాడేమో గాని తెలియనిది రాయలేదు.

నివేదిక మంత్రి గారి దాకా వెళ్ళింది. ఆయన మొత్తం చదవలేదు, పై వరస చదివారు. మాట్లాడకుండా ప్రార్థించే మతం ఒకటుందని తెలిసి ఆయన ఆశ్చర్యపోయారు. మాట్లాడకుండా ఉండటం సాధ్యమేనా అని పి.ఏ.ని అడిగారట. ఇంత గొప్ప మౌనం వెల్డింగ్ షాపు మీద నాలుగు గోడల మధ్య వృథా కావడం ప్రజలకు అన్యాయమన్నారు. దాన్ని అందరికీ వినిపించాలన్నారు.

అందుకని మైకులు పెట్టారు. గది మధ్యలో ఒకటి, నాలుగు మూలలా నాలుగు. వీధి పొడవునా లౌడ్‌స్పీకర్లు కట్టారు. లారీల్లో జనాన్ని తెచ్చారు. 'రక్షిత మౌన ప్రార్థన, ప్రత్యక్ష ప్రసారం' అని బట్ట రాయమన్నారు. రాశాను. మంత్రి గారు మెట్లెక్కి గది గుమ్మంలో రిబ్బను కత్తిరించి, లోపలికి వెళ్ళి చాప మీద కూర్చున్నారు. కెమెరాల వాళ్ళు ఆయన చుట్టూ కూర్చున్నారు. వాళ్ళు కూర్చోగా మిగిలిన చోట మూగోళ్ళు కూర్చున్నారు.

మౌనం మొదలైంది. ఎదురు డాబా మీద లౌడ్‌స్పీకరు కూడా ఆ పూటకి ఆపారు. వీధంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. నేను మెట్ల మీద ఉన్నాను. కింద వెల్డరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక క్షణం అక్కడ నిజంగానే ఏదో జరగబోతున్నట్టు అనిపించింది.

అంతలో జనంలోంచి ఎవడో మైకు పనిచేయడం లేదని అరిచాడు. వెనకవాళ్ళు అందుకున్నారు. మైకు కుర్రాళ్ళు పరుగున పైకొచ్చి అత్తగారి ముఖం ముందు మైకు తట్టి హలో హలో అన్నారు. పనిచేస్తోందని తేలింది. అయినా జనం నమ్మలేదు. ఏమీ వినపడనప్పుడు మౌనమో మరమ్మతో ఎలా తెలుస్తుందని వాళ్ళ బాధ. మంత్రి గారు చాప మీద ఇటూ అటూ కదిలారు. నుదురు తుడుచుకున్నారు. ఊపిరాడని మనిషిలా చెయ్యి చాచి మైకు లాక్కున్నారు. మౌనం గొప్పతనం గురించి మొదలుపెట్టారు. మాటల కంటే మౌనం మిన్న అన్న సంగతిని అన్ని వైపుల నుంచీ వివరించారు. ఈ మౌనానికి ఎవడైనా భంగం కలిగిస్తే ఎముకలు విరగ్గొడతామన్నారు. గంట పూర్తయ్యాక కూడా ఆపలేదు. జనానికి ఇప్పుడు ప్రార్థన బాగా వినపడింది. భక్తితో విన్నారు.

ఆయన దిగి వెళ్ళబోతుంటే అత్తగారు దగ్గరకు వెళ్ళి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలుసు. ఆ ఒక్క రోజు, ఆ ఒక్క గంట. మంత్రి గారు ఆవిడ తల మీద చెయ్యి పెట్టి కెమెరా వైపు చూశారు. తర్వాత పి.ఏ.తో, అమ్మ భయపడుతోంది, బందోబస్తు పెట్టించండి అన్నారు.

పెట్టించారు. మెట్ల కింద ఒక కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టారు. షాపు ముందు ఇనుప అడ్డాలు నిలిపారు. పైకి వెళ్ళేవాళ్ళు ఆ మతం వాళ్ళే అయి ఉండాలని ఉత్తర్వు వచ్చింది. వేరేవాళ్ళు చొరబడితే ప్రార్థనకు ప్రమాదం కదా. ఉత్తర్వు చాలా బాగుంది. ఇబ్బందల్లా, ప్రార్థన ఏమిటో తేలలేదు కనక ఆ మతం ఉన్నట్టు శాఖ ఇంకా ఒప్పుకోలేదు. మతం ఉన్నట్టు తేలకపోతే దానికి మనుషులున్నట్టూ తేలదు. కాబట్టి పైకి ఎవర్నీ పంపడానికి వీల్లేదు.

కానిస్టేబుల్ చెడ్డవాడు కాదు. అత్తగారికి తన స్టూలు ఇచ్చి తాను నిలబడ్డాడు.

"పైన ఎవరున్నారు నాయనా?" అని ఆవిడ అడిగింది.

"ఎవరూ లేరు పెద్దమ్మా. అందుకే భద్రంగా ఉంది."

'ఇది రక్షిత ప్రార్థనా స్థలం' అని ఒక వరస, 'ప్రవేశం లేదు' అని కింద ఇంకో వరస బోర్డు రాయమన్నారు. రెండు వరసలూ ఒకే రంగులో వద్దన్నారు. రెండోది ఎరుపులో రాశాను. దూరానికి అదొక్కటే కనపడేది.

ఆ తర్వాత బందోబస్తు వెల్డరు మీద పడింది. రక్షిత స్థలం కింద నిప్పురవ్వలు ఎగరకూడదన్నారు. అతను చేస్తున్న గేట్ల ఊచలను మారణాయుధాలని పట్టుకెళ్ళారు. గిరాకీ వాళ్ళు అడ్డాలు దూకి లోపలికి రాలేక వేరే షాపులు చూసుకున్నారు. ఒక సాయంత్రం అతను మా ఇంటికి వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మీ వాళ్ళ మీద నాకేమీ కోపం లేదు పిన్నిగారూ, మీ దేవుడు పైన ఉన్నంతకాలం నాకు చీమంత ఇబ్బంది పెట్టలేదు, సర్కారు వచ్చి ఆయన్ని కాపాడుతున్న దగ్గర్నుంచే నా పొయ్యి ఆరిపోయింది అన్నాడు. గది ఖాళీ చెయ్యమని చెప్పలేక చాలాసేపు కాలి బొటనవేలితో గడప గీకాడు. అతని చేత చెప్పించడం ఇష్టం లేక అత్తగారే ఖాళీ చేస్తామని అంది. చాపలు తెచ్చుకుందామంటే కానిస్టేబుల్ ఇవ్వలేదు. అవి రక్షిత స్థలంలోని వస్తువులు.

ఇక మూగోళ్ళకు కూర్చునే చోటు లేకుండా పోయింది. వాళ్ళలో రిటైరైన పోస్టుమాన్ ఒకాయన ఉన్నాడు. మిగతావాళ్ళతో పోలిస్తే కాస్త మాట్లాడతాడు. మన గోడు శాఖ వాళ్ళకే చెబుదాం, వాళ్ళు చేసిన పనే కదా అన్నాడు. అందరూ తల ఊపారు. అర్జీ నేనే రాశాను. ఈసారి ఒక వాక్యం చాలలేదు.

శాఖలో మారిన సంగతి ఏమిటంటే, మేము ఇప్పుడు వార్త కాదు, ఫిర్యాదు. కుర్చీ లేదు, టీ లేదు. నిరీక్షణ హాల్లో కూర్చోండి, పిలుస్తాం అన్నారు. కూర్చున్నారు. నేను వాళ్ళను దింపి పనికి పోయాను.

సాయంత్రం అత్తగారు ఇంటికి వచ్చింది. ముఖం చూస్తే ఏదో తేడాగా ఉంది. పని అయిందా అని అడిగాను. ఎవరూ పిలవలేదంది. మరి ఆ సంతోషం ఎందుకని అడిగాను. హాలు చాలా పెద్దదట. గోడ వారగా బెంచీలు వేశారట. కొత్త భవనం, మందపాటి అద్దాలు, వీధి శబ్దం రానే రాదట. అక్కడికి వచ్చినవాళ్ళంతా అప్పటికే అన్ని ఆఫీసుల్లోనూ మాట్లాడి మాట్లాడి అలిసిపోయినవాళ్ళు, ఎవరూ నోరు విప్పరట. గుమాస్తాలు వీళ్ళ వైపు చూడనైనా చూడరట.

"గంట ఎంత బాగా కుదిరిందో, అల్లుడూ," అంది.

ఆ తర్వాత వారం వారం వెళ్ళారు. పిలిచారా లేదా అని ఎవరూ అడగడం మానేశారు. పిలవకూడదనే వాళ్ళ కోరిక. ఆ కోరిక తీర్చడంలో శాఖ ఏ లోటూ చేయలేదు. ఒకసారి మంత్రి గారు తనిఖీకి వచ్చారు. బెంచీల నిండా మనుషులు గొడవ చేయకుండా, గోల పెట్టకుండా, కళ్ళు మూసుకుని కూర్చుని ఉండటం చూసి ముగ్ధులైపోయారు. ఇంత ప్రశాంతంగా ఎదురుచూసే ప్రజలను తన రాజకీయ జీవితంలో చూడలేదన్నారు. ఈ శాఖ మీద జనానికి ఉన్న నమ్మకానికి ఇదే సాక్ష్యమన్నారు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. అందులో మా అత్తగారు బాగా పడింది.

ఏడాది తిరిగిన రోజు వచ్చింది. ఆ రోజు నేను బోర్డు పని పెట్టుకోలేదు. ఆవిడకు మోకాళ్ళ నొప్పి ఎక్కువైంది, శాఖ మెట్లు ఎత్తుగా ఉంటాయి, అందుకని తోడు వెళ్ళాను. అందరూ వచ్చారు. బెంచీల మీద సర్దుకున్నారు. అత్తగారి పక్కన బెంచీ చివర కొంచెం ఖాళీ ఉంటే కూర్చున్నాను. నిలబడితే అందరూ చూస్తారు.

గంట సగంలో ఉండగా అధికారి ఫైలు పట్టుకుని లోపల్నుంచి వచ్చాడు. మీ ఫిర్యాదు పరిష్కారమైందని పెద్దగా చదివాడు. వెల్డింగ్ షాపు మీద ఉన్న ప్రార్థనా స్థలంలో బందోబస్తు పెట్టిన నాటి నుంచి ఏ ఒక్క ప్రార్థనకూ ఆటంకం కలిగినట్టు నమోదు కాలేదు. కనక ఫైలు మూసేశారు. ఫిర్యాదు లేనివాళ్ళు ఈ హాల్లో కూర్చోకూడదు. దయచేసి బయటికి నడవండి అన్నాడు.

పోస్టుమాన్ లేచాడు. సార్, మేము ప్రార్థనలో ఉన్నాం, సగం అయింది, మిగతా సగం కూర్చోనివ్వండి అని బతిమాలాడు.

"ప్రార్థనా? రుజువేది?" అన్నాడు అధికారి. "రుజువుంటే రక్షిస్తాం. కాదనను. కాని నాకు ఇక్కడ ఊరికే కూర్చున్న మనుషులే కనపడుతున్నారు."

గుమ్మం దగ్గర్నుంచి కానిస్టేబుల్‌ను పిలిచాడు. వెల్డింగ్ షాపు దగ్గర చూసినవాడే. గది ఖాళీ అయ్యాక ఇక్కడికి మార్చారు. ఒక్కొక్కళ్ళే లేచారు. గొడవ పడటం వాళ్ళకు రాదు. అత్తగారు మాత్రం లేవలేదు. కళ్ళు తెరవలేదు. ఆవిడకు గంట పూర్తి కాలేదు. కానిస్టేబుల్ వంగి, పెద్దమ్మా, లే పెద్దమ్మా అని మెల్లిగా రెక్క పట్టుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

"నాదొక ఫిర్యాదు ఉంది," అన్నాను.

అధికారి విసుగ్గా ఎవరి మీద అన్నాడు.

"ఈవిడ మీద."

కానిస్టేబుల్ చెయ్యి వదిలేశాడు.

"ఈవిడేం చేసింది?"

"నా పక్కన కూర్చుని ప్రార్థన చేసింది. నాకు దేవుడంటే పడదు. నా మనోభావాలు దెబ్బతిన్నాయి."

మనోభావాలన్న మాట వినగానే అధికారి ముఖంలో రక్తం పొంగింది. అంతదాకా ఆ శాఖలో ఎవరూ ఆ మాట అనలేదు. గుమాస్తాలు ఎక్కడి పని అక్కడ వదిలేసి పరుగెత్తుకొచ్చారు. ఒకడు నాకు మంచినీళ్ళు తెచ్చాడు. ఇంకొకడు కుర్చీ వేసి దాని మీద దిండు కూడా వేశాడు.

"నువ్వు స్వయంగా చూశావా?"

"చూశాను."

"విన్నావా?"

"చాలాసేపు విన్నాను."

"ఎప్పటి నుంచి దెబ్బతింటున్నాయి?"

"పెళ్ళయినప్పటి నుంచి."

అధికారి ఇక ఏమీ అడగలేదు. నిలబడే రాసుకున్నాడు. రాసింది గొంతెత్తి చదివాడు. ముద్దాయి ఆఫీసు నిరీక్షణ హాలులో నిస్సందేహంగా ప్రార్థన చేయుచుండగా ప్రత్యక్షంగా పట్టుబడినది.

అత్తగారు అప్పుడు కళ్ళు తెరిచింది.

"ప్రార్థన అనే రాశారా బాబూ?"

"రాశాం. బుకాయించి లాభం లేదు."

"బుకాయించను నాయనా," అంది.

అధికారి ఫోనులో మంత్రి గారికి చెప్పాడు. చట్టం వచ్చాక నమోదైన మొదటి కేసు. మంత్రి గారి సంతోషం హాలంతా వినపడింది. బాధితుణ్ణి జాగ్రత్తగా చూసుకోమన్నారు, ధైర్యం చెప్పమన్నారు. అధికారి నా భుజం తట్టి ధైర్యం చెప్పాడు. తర్వాత చట్టం చదివి వినిపించాడు. విచారణ ముగిసేదాకా ఆఫీసు జరిగే వేళల్లో ముద్దాయి ఈ హాలు దాటి పోకూడదు. ఫిర్యాదీ కూడా ఎదురుగా హాజరుండాలి. కేసు మీద ప్రభావం పడకూడదు కనక హాల్లో ఎవరూ ఒక్క ముక్క మాట్లాడకూడదు. మొదటి కేసు కాబట్టి విచారణలో తొందరపడేది లేదన్నాడు.

ఆయన వెనుదిరిగాక పోస్టుమాన్ గుమ్మం దగ్గర్నుంచి వచ్చి నా చెవి దగ్గర వంగాడు.

"నేనూ ప్రార్థించానయ్యా, నువ్వు చూళ్ళేదు గాని. నా మీద కూడా ఒకటి పడెయ్యవూ," అన్నాడు.

అతని వెనక ఇంకొకళ్ళు నిలబడ్డారు. ఆ వెనక మిగతావాళ్ళు. అధికారిని మళ్ళీ పిలిచాను. వరసగా అందరి మీదా ఫిర్యాదు చేశాను. నా మనోభావాలు ఇంత విరివిగా దెబ్బతిన్నందుకు ఆయన చాలా విచారించాడు. రాస్తూ రాస్తూ, ఒక మతం మతమంతా ఇంత బాహాటంగా ప్రార్థిస్తుంటే ఇన్నాళ్ళూ ఎవరూ కనిపెట్టలేదేమిటని గుమాస్తాలను మందలించాడు.

ముద్దాయిలు ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. కానిస్టేబుల్ తలుపు మూశాడు. వీధి వినపడటం ఆగిపోయింది. ఒక గుమాస్తా ఏదో అడగబోతే అధికారి వేలు పెదవుల మీద పెట్టుకుని, కేసు నడుస్తోందని సైగ చేశాడు.

అత్తగారు కళ్ళు మూసుకుంది. మిగతావాళ్ళూ మూసుకున్నారు. లోపల వాళ్ళు అనుకుంటున్న పేరు నాకు తెలుసు. నేను ఫిర్యాదీని. కళ్ళు తెరుచుకునే కూర్చున్నాను.